బైనామా వేరు, బేనామీ వేరు తమ్ముడూ

ప్రశ్న: అక్కా నమస్తే. మాది జగిత్యాల దిక్కు ఒక ఊరు, నేను తొమ్మిదేండ్ల సంది దుబాయ్‌ల డ్రైవర్ పని చేస్తున్న. మా నాయిన 1998ల రెండెకరాల పది గుంటలు తెల్లకాయితం మీద కొన్నడు, సాదా బైనామా. అప్పటిసంది మేమే దున్నుకుంటున్నం. 2020 అక్టోబర్‌ల మీసేవల దరఖాస్తు పెట్టినం, ఇప్పటిదాంక కాలేదు. పట్టా పాత పట్టాదారు పేరు మీదనే ఉంది, రైతుబంధు పైసలు గూడ వాళ్ళకే పడ్డయి. ఆయన చచ్చిపోయిండు. ఇప్పుడు ఆయన కొడుకు, మీ కాయితం బేనామీ కాయితం, బేనామీ అంటే ఏడేండ్ల జైలు, ఎంతో కొంత ఇచ్చి సెటిల్ చేసుకోండ్రి అంటున్నడు. నాయినకు నిద్ర లేదు. బే అంటే రెండు అని, బేనామీ అంటే రెండు పేర్ల కాయితం అని ఊళ్ళె ఒకాయన చెప్పిండట. నిజమేనా? ఇంకోటి, నేను ఈడ ఉన్న కదా, నా పైసలతోని కరీంనగర్‌ల ఒక ప్లాట్ మా బావ పేరు మీద తీసుకుందామనుకుంటున్న, దానికేమన్న ఇబ్బంది ఉంటదా? చివరగ ఒక మాట, మా తాత పుట్టిన ఊరు రికార్డుల బేచిరాక్ అని ఉంటది, అది గూడ ఈ బే నేనా అక్కా?

జవాబు: తమ్ముడూ, ముందు నాన్నకి ఫోన్ చేసి ఒక్క మాట చెప్పు, మన కాగితం బేనామీ కాదు నాయినా, బైనామా, రెండూ వేరే వేరే మాటలు, పడుకో అని. ఆ తర్వాత కూర్చుని ఇది చదువు, కొంచెం పొడుగే ఉంటది, ఎందుకంటే నీ ఉత్తరంలో నువ్వు భయపడుతున్న చోట భయం లేదు, నువ్వు మామూలుగా ఒక లైన్‌లో అడిగేసి వదిలేసిన చోట ఉంది అసలు భయం, అది ప్లాట్ సంగతి, దానికి వస్తా.

మా నాన్న దస్తావేజు లేఖరి. రిజిస్ట్రేషన్ ఆఫీసు ఎదురుగా రేకుల షెడ్డులో చిన్న బల్ల వేసుకుని రాసేవాడు, సెలవుల్లో నేను పక్కన కూర్చుని కార్బన్ పేపర్లు సర్దేదాన్ని. ఆయన రాసే మాటల్లో సగం నాకు తెలుగే కాదనిపించేది, బేబాకీ, బేషరతు, దఖలు, బైనామా, ముక్త్యార్‌నామా. అడిగితే ఒక్కో మాటని విడగొట్టి చెప్పేవాడు, మాటని విడగొట్టు, లోపల ఏముందో అదే చెప్తది అనేవాడు. ఇప్పుడు నీకూ అట్లనే చెప్తా.

బేనామీలో మూడు ముక్కలున్నయి. బే, నామ్, చివర ఈ. ఈ బే పారసీ మాట, రెండు అని కాదు దాని అర్థం, "లేకుండా" అని. బే అంటే రెండు అనేది గుజరాతీలో ఉంది, వాళ్ళు ఒకటి రెండు లెక్కపెడితే ఏక్ బే అంటారు, ఆ బేకి ఈ బేకి ఏ చుట్టరికమూ లేదు. మనకొచ్చిన బే నడిమికాలపు పారసీకంలో, అంటే పహ్లవీలో, "అబే" అని ఉండేది, అప్పుడూ "లేని" అనే అర్థమే, తర్వాత ముందున్న అ పోయి బే మిగిలింది. ఇక నామ్ అంటే పేరు, మన నామం, వాళ్ళ నామ్, ఇంగ్లీషు వాళ్ళ నేమ్ అన్నీ ఒకే మూలం నుంచి పుట్టిన మాటలు. కాబట్టి బేనామీ అంటే పేరు లేనిది, అంతే. రెండు పేర్లు కాదు.

మరి కాగితం మీద ఎవరిదో ఒకరి పేరు ఉంటది కదా, పేరు లేనిది ఎట్లయితది అని అడుగుతావు. ఉంటది, కానీ ఉండాల్సినోడి పేరు ఉండదు. డబ్బు పెట్టినోడు, లాభం తినేటోడు ఒకడు, వాడి పేరు కాగితంలో ఎక్కడా కనపడదు, పాలేరు పేరో దూరపు చుట్టం పేరో ఉంటది. ఆ పేరు అప్పు ఇచ్చినోణ్ణి బేనామీదారు అంటారు. ఆశ్చర్యం ఏంటంటే ఇది ఒకప్పుడు నేరమే కాదు, 1854లో లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్, అప్పట్లో మన కేసులకి అదే చివరి పెద్ద కోర్టు, ఒక బెంగాల్ కేసులో ఇది ఈ దేశంలో మామూలుగా ఉన్న పద్ధతే అని ఒప్పుకుంది, డబ్బు ఎవరు పెట్టారో చూసి అసలు ఓనర్ని తేల్చాలి అన్నది, ఆ తర్వాత నూరేళ్ళకు పైగా కోర్టులు అదే దారిలో నడిచినయి. భూసంస్కరణల చట్టం 1973లో వచ్చినప్పుడు మన దగ్గర పెద్ద భూములున్నోళ్ళు ఎవరెవరి పేర్ల మీదకో మార్చుకున్న సంగతి మీ నాన్నకే బాగా తెలుసు. 1988లో పార్లమెంట్ బేనామీని నిషేధించింది, కానీ ఆస్తి ఎట్లా స్వాధీనం చేసుకోవాలో రూల్సే రాయలేదు, 28 ఏళ్ళు అది కాగితం మీదే ఉంది. మళ్ళీ 2016 నవంబర్ 1 నుంచి దాన్ని తొమ్మిది సెక్షన్ల నుంచి డెబ్బై రెండు సెక్షన్లకు పెంచి పళ్ళు పెట్టారు, ఇప్పుడు ఆస్తి పోతది, ఏడాది నుంచి ఏడేళ్ళ దాకా కఠిన జైలు, మార్కెట్ విలువలో పావు వంతు దాకా జరిమానా. ఆ పిల్లగాడు చెప్పిన ఏడేళ్ళు ఇక్కడి నుంచి ఎత్తుకొచ్చిందే. మాట నిజమే, కానీ మీకు సంబంధించింది కాదు.

ఇప్పుడు బైనామా. ఇక్కడ ముందున్నది బే కాదు, బై. అది ఉపసర్గే కాదు. అరబ్బీలో బై అంటే అమ్మకం. నామా అంటే రాత, పత్రం, ఇది పారసీ. అమ్మకపు పత్రం, బైనామా. నామ్ వేరు, నామా వేరు, చివర ఒక దీర్ఘమే తేడా కానీ ఒకటి పేరు, ఒకటి కాగితం. రాజీనామా అంటే రాజీ పడ్డట్టు రాసిచ్చే కాగితం, మనం ఉద్యోగం మానేసే కాగితానికి వాడుకుంటున్నాం. పంచనామా, ముక్త్యార్‌నామా అన్నీ ఈ నామానే. వీలునామా అయితే ఇంకా చిత్రం, ఇంగ్లీషు విల్లుని తెచ్చి పారసీ నామాకి అంటించి మనోళ్ళు తెలుగు మాట చేసుకున్నారు. సాదా అంటే మామూలు, స్టాంపు లేని తెల్లది. సాదా బైనామా అంటే తెల్లకాగితం మీద రాసుకున్న అమ్మకపు పత్రం. అందులో అమ్మినోడి పేరుంది, కొన్న మీ నాన్న పేరుంది, సాక్షుల వేలిముద్రలున్నయి. పేరు దాచింది ఎక్కడ? మీ నాన్న తన డబ్బు తనే పెట్టి, తన పేరు రాయించుకుని, ఇన్నేళ్ళు అందరి కళ్ళముందే దున్నుతున్నాడు. రిజిస్ట్రేషన్ చేయించకపోవడం ఒక లోపం, ఆ లోపం పేరు బేనామీ కాదు.

ఒకటి మాత్రం దాచకుండా చెప్పాలి. బేనామీ చట్టంలో, అమ్మినోడి పేరు మీద ఓనర్‌షిప్ ఉండి కొన్నోడికి స్వాధీనం ఇచ్చేసిన కేసులకి ఒక మినహాయింపు రాసి పెట్టారు, కానీ అది స్టాంపు డ్యూటీ కట్టి రిజిస్టర్ చేయించుకున్న ఒప్పందాలకే. మీ తెల్లకాగితం ఆ మినహాయింపు కిందకి రాదు. రాకపోతే బేనామీ అయిపోతుందా అంటే కాదు, వేరేవాళ్ళ కోసం పేరు పెట్టుకుని ఆస్తి పట్టుకుని ఉండటం అనే అసలు సంగతే ఇక్కడ లేదు, ఆ పెద్దాయన అమ్ముకుని డబ్బు తీసుకున్నాడు, రికార్డు మారక ఆయన పేరు మిగిలిపోయింది. అయినా ఈ చిన్న సందు ఉంది కాబట్టే కాగితాన్ని ఎంత తొందరగా క్రమబద్ధం చేయించుకుంటే అంత మంచిది అంటున్నా. ఇంకోటి, బేనామీ అవునా కాదా అని విచారణ మొదలుపెట్టేది ఊళ్ళో వాళ్ళు కాదు, తహసీల్దారు కూడా కాదు, ఇన్‌కంటాక్స్ శాఖలో దానికి ప్రత్యేకంగా అధికారులున్నారు, వాళ్ళు రాతపూర్వకంగా నోటీసు ఇస్తారు, జవాబు చెప్పుకునే టైమ్ ఇస్తారు. అట్లాంటి కాగితం ఏదీ రానప్పుడు ఆ పిల్లగాడి మాటకి ఒక్క రూపాయి ఇవ్వొద్దు. నోటి మాట మీద సెటిల్‌మెంట్ అసలే వద్దు, ఒకవేళ వాళ్ళు పెద్దమనసు చేసుకుని సంతకం పెడతామంటే రిజిస్ట్రేషన్ ఆఫీసులో పెట్టమను, అక్కడైతే డబ్బుకీ ఒక అర్థం ఉంటది.

మీ దరఖాస్తు సంగతి. 2020 అక్టోబర్ 12 నుంచి నవంబర్ 10 దాకా ప్రభుత్వం సాదా బైనామా దరఖాస్తులు తీసుకుంది, మధ్యలోనే అక్టోబర్ 29న కొత్త పాస్‌బుక్ చట్టం అమల్లోకి వచ్చేసింది, అందులో సాదా బైనామాని క్రమబద్ధం చేసే సెక్షనే లేదు, విషయం హైకోర్టుకి పోయింది, లక్షల మంది రైతుల కాగితాలు అట్లనే ఆగిపోయినయి. మీ నాన్న తప్పేం లేదు అందులో, ఇది ఆయనకి చెప్పు, ఆయన తన చదువురానితనం వల్లే ఇట్లయింది అనుకుంటూ ఉండొచ్చు. 2025 ఏప్రిల్ 14 నుంచి అమల్లోకి వచ్చిన భూభారతి చట్టంలో ఆ పెండింగ్ దరఖాస్తులకే దారి పెట్టారు. 2014 జూన్ 2కి ముందు కొన్నదై ఉండాలి, చిన్న సన్నకారు రైతు అయి ఉండాలి, 12 ఏళ్ళుగా భూమి మీ చేతిలో ఉండాలి, ఆ 2020 టైమ్‌లో అప్లై చేసి ఉండాలి. నువ్వు రాసిన దాన్ని బట్టి నాలుగూ మీకు ఉన్నయి. విచారణ చేసేది ఆర్డీవో. మీసేవ రసీదు ఉందా లేదా ముందు అది వెతికించు, అన్నిటికంటే అదే ముఖ్యం. తర్వాత పాత పహాణీలు, అంటే ఏ భూమి ఎవరిది, ఎవరు దున్నుతున్నారు అని ఏటేటా రాసే ఊరి రికార్డు, అందులో పట్టాదారు కాలమ్ ఒకటి, అనుభవదారు కాలమ్ ఒకటి ఉంటయి, రెండో దాంట్లో మీ నాన్న పేరు ఏ ఏ సంవత్సరాల్లో ఎక్కిందో ఆ నకళ్ళన్నీ తీయించు. పక్క పొలాల వాళ్ళు, కాగితం మీద సాక్షి సంతకం చేసిన వాళ్ళలో బతికున్నోళ్ళు ఎవరో ఇప్పుడే మాట్లాడి పెట్టుకోండి. అసలు కాగితాన్ని మాత్రం లామినేషన్ చేయించొద్దు తమ్ముడూ, చాలా మంది ప్రేమగా చేయిస్తారు, తర్వాత ఇంకు, వేలిముద్ర పరీక్షించాల్సి వస్తే ఇబ్బంది. పలచటి ప్లాస్టిక్ కవర్‌లో మడత పెట్టకుండా ఉంచితే చాలు.

ఇప్పుడు ప్లాట్. దీన్ని నువ్వు ఊరికే ఒక మాటగా అడిగినవు కానీ నేను ఈ జవాబు రాయడానికి అసలు కారణం ఇదే. నీ డబ్బు, బావ పేరు. బావ కాగితంలో ఉంటాడు, నువ్వు ఎక్కడా ఉండవు. దీన్నే బేనామీ అంటారు. ఇందాక బే అంటే లేకుండా అన్నాను కదా, ఇక్కడ లేకుండా పోయేది నీ పేరే. మీ నాన్న కాగితం మీద జైలు అని బెదిరించారు, అది తప్పు, కానీ నువ్వు చేయబోయే దానికి ఆ సెక్షన్ సరిగ్గా సరిపోతది. చట్టంలో మినహాయింపులున్నయి, భార్య పేరు మీద, పిల్లల పేరు మీద తెలిసిన ఆదాయంతో కొంటే తప్పు లేదు. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు, తల్లిదండ్రులతో కలిసి కొంటే కూడా పర్వాలేదు, అయితే కాగితంలో నీ పేరు కూడా జాయింట్ ఓనర్‌గా ఉండాలి. బావ ఈ లిస్టులో ఎక్కడా లేడు. బావ మంచోడు కాదని నేను అనట్లేదు, మీ అక్క సంసారం బాగుండాలి, అది వేరే సంగతి. కానీ రేపు ఏదైనా మాట తేడా వస్తే, లేదా బావకేమన్నా అయి ఆస్తి వారసుల చేతికి పోతే, డబ్బు నాదే అని కోర్టుకి పోయి అడిగే హక్కు కూడా నీకు లేదు, బేనామీ ఆస్తి నాది అని దావా వెయ్యడాన్నే ఆ చట్టం నాలుగో సెక్షన్‌లో మూసేశారు. ఎండలో బండి తోలి పంపిన డబ్బు, అడిగే దారి కూడా లేకుండా పోతది. బ్యాంకు ట్రాన్స్‌ఫర్ రుజువులున్నయి కదా అనుకోకు, ఆ రుజువులే అది బేనామీ అని చూపిస్తయి.

గల్ఫ్‌లో ఉన్న మన పిల్లలు ఎందుకిట్లా చేస్తారో నాకు తెలుసు, ఊళ్ళో లేము, సంతకానికి రాలేము, టికెట్ డబ్బు దండగ అని. దానికి చక్కటి దారి ఉంది. పాస్‌పోర్టు ఉన్న మన దేశ పౌరుడు విదేశంలో ఉన్నా ఇక్కడ ఇళ్ళ స్థలం, ఇల్లు తన పేరు మీదే కొనుక్కోవచ్చు, వ్యవసాయ భూమి, తోట, ఫామ్‌హౌస్ మాత్రం కొనకూడదు. నువ్వు దుబాయ్‌లో మన కాన్సులేట్‌కి పోయి బావకి ఆ ఒక్క ప్లాట్ కొనే వరకే పవర్ ఆఫ్ అటార్నీ ఇవ్వు, మా నాన్న భాషలో ముక్త్యార్‌నామా. అది ఇండియాకి చేరినంక మూడు నెలల లోపల ఇక్కడ స్టాంపు డ్యూటీ కట్టించాలి, మర్చిపోవద్దు. డబ్బు నీ ఎన్‌ఆర్‌ఈ లేదా ఎన్‌ఆర్‌ఓ ఖాతా, అంటే విదేశంలో ఉండే మనోళ్ళకి ఇక్కడి బ్యాంకులిచ్చే ఖాతా, దాన్నుంచి నేరుగా అమ్మేవాళ్ళకి పోవాలి. అప్పుడు సంతకం బావది, పేరు నీది. బావకి కూడా అదే మేలు, బేనామీ చట్టంలో పేరు అప్పిచ్చినోడికీ శిక్ష ఉంది కాబట్టి. ఇది బావకి ఎట్లా చెప్పాలి, నమ్మకం లేదనుకుంటాడేమో అంటావేమో, ఆయన్ని జైలు నుంచి కాపాడుతున్నా అని చెప్పు, అది నిజమే కదా. ప్లాట్‌కి లేఅవుట్ అనుమతి ఉందో లేదో, ఈసీ, అంటే ఆ ప్లాట్ మీద పాత అమ్మకాలు, తాకట్లు ఏమున్నయో చూపించే కాగితం, తీయించారో లేదో ఒక మంచి లాయర్‌కి చూపించుకుని కొనండి, దాని గురించి ఇక్కడ రాయడం మొదలుపెడితే ఇంకో ఉత్తరం అవుద్ది.

బే గురించి ఇంత చెప్పాక మిగతా మాటలు చెప్పకుండా ఉండలేకపోతున్నా. గోల్కొండ రాజుల కాలం నుంచి నిజాం దాకా లెక్కలు, కోర్టు కాగితాలు పారసీలో నడిచినయి, నిజాం రాజ్యంలో 1880ల దాకా పారసీయే, ఆ తర్వాత ఉర్దూ, కోస్తా, సీమ జిల్లాల్లో కంపెనీ వాళ్ళొచ్చాక కూడా ఆ మాటలే కచేరీల్లో మిగిలినయి. ఈ మాటలు ఎంత ఎక్కువున్నాయంటే కోర్టుల్లో జడ్జిగా పనిచేసిన బ్రౌన్ దొర వాటికోసం విడిగా 1854లో మిశ్రభాషా నిఘంటువు వెయ్యాల్సి వచ్చింది. బేదఖలు అంటే దఖలు లేకుండా చెయ్యడం, స్వాధీనం తీసేసి బయటికి పంపడం. బేబాకీ అంటే బాకీ లేకుండా తీరిపోయింది అని రాసిచ్చే రసీదు, మా నాన్న దీన్ని రాసేటప్పుడు చేతిరాత ఇంకా గుండ్రంగా వచ్చేది. బేషరతు, షరతు లేకుండా. బేఖాతరు, ఖాతరు చెయ్యకుండా. దీనికి ఎదురు మాట బా, అంటే "తో, ఉండి". మన దిక్కు బాజాప్తా అంటాం కదా, బాజాప్తా చేసిన, ఎవ్వనికి భయపడ అని, అది బా జాబ్తా, నియమంతో అని, చట్టప్రకారం అని. నియమం లేకుండా చేస్తే బేజాబ్తా. ఒక్క అచ్చుతో చట్టం ఉన్నదా లేదా తేలిపోతుంది చూడు, బా, బే.

అన్నిట్లో నాకు బాధ కలిగించేది బేవార్సు అనే మాట. బే, వారిస్. వారసుడు లేని. ఎవరూ లేకుండా పోయిన మనిషి ఆస్తిని సర్కారు తీసుకునేటప్పుడు రాసే మాట అది, దానిలో ఒక ముసలాయన, ఖాళీ ఇల్లు కనపడతయి నాకు. దాన్ని మనం రోడ్డు మీద తిట్టు చేసుకున్నాం. కబ్జా కూడా అంతే, అసలు అర్థం స్వాధీనం అని మాత్రమే, మీ నాన్న భూమి ఇరవై ఏళ్ళకు పైగా మీ కబ్జాలో ఉంది అంటే ఆర్డీవో దగ్గర అది మంచి మాట. ఎవరన్నా ఆ మాట అంటే నాన్న ఉలిక్కిపడకుండా ముందే చెప్పి పెట్టు. కానీ నామోషీలో నా ఉంది కదా అది కూడా ఇట్లాంటి లేదు అనే ముక్కే అనుకోకు, నామంజూరులో నా ఆ ముక్కే, నామోషీలో కాదు, అది నామూస్ అనే మాట, పరువు అని అర్థం, గ్రీకుల నోమోస్ నుంచి అరబ్బీ మీదుగా వచ్చింది, నోమోస్ అంటే వాళ్ళకి చట్టం. అన్ని మాటలకీ ఒకే కత్తెర పనిచెయ్యదు, బైనామాలో జరిగింది అదే, బైని బే అనుకుని కోసేశారు.

చివరి ప్రశ్న. అవును తమ్ముడూ, బేచిరాక్‌లో ఉన్నది ఈ బే నే. చిరాగ్ అంటే దీపం. బే చిరాగ్, దీపం లేని ఊరు. మనుషులు ఒక్కొక్కరే వెళ్ళిపోయి, రెవెన్యూ రికార్డులో పేరు, సర్వే నంబర్లు, హద్దులు మాత్రం మిగిలిన ఊళ్ళని అట్లా రాస్తారు. ఆ రాసిన గుమాస్తా ఎవరో, జనం లేరు అని రాసి ఊరుకోవచ్చు, రాత్రి పూట అక్కడ ఒక్క దీపం కూడా కనపడదు అని రాశాడు. మీ తాత అక్కడ పుట్టాడంటే ఆ ఊళ్ళో ఒకప్పుడు దీపాలున్నయి అన్నమాట. ఊరు ఎప్పుడు ఖాళీ అయిందో, కలరానో, కరువో, చెరువు తెగిందో మీ నాన్నకి ఏమన్నా గుర్తుంటే అడిగి రాసిపెట్టుకో, మళ్ళీ సెలవుకి వచ్చినప్పుడు ఒకసారి నాన్నని బండి మీద తీసుకుపోయి చూపించు.